దానయ్య కోసం ఉంచిన నాలుగు మెగాబైట్లు

రిటైరయ్యాక పాత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందంటే రెండే కారణాలుంటాయి. ఎవరైనా పోయి ఉండాలి, లేదా ఏదైనా పాడై ఉండాలి. మొన్న హేమ చేసిన ఫోన్ ఈ రెండింటిలోకీ రాదు.

హేమ ఎచ్చెర్లలో చదువుకుంది. విశాఖపట్నంలో నేను ముప్ఫై ఏళ్లు పనిచేసిన కంపెనీలోనే, నేను చేసిన పనిలోనే చేరింది. నా కుర్చీ మార్చేశారట. నా కోడ్ మాత్రం మార్చలేదట. కుర్చీ అరిగినంతగా కోడ్ అరిగి ఉండదు.

"సార్, సేపల బోట్లకెట్టే మన పెట్టె కోడ్‌లో ఒక దగ్గర నాలుగు మెగాబైట్ల సోటు ఊరికే ఖాళీగా ఉన్నాది. దాని మీద మీరు కామెంటు రాశారు, 'దానయ్య సముద్రం మీద ఉన్నాడు, ఇక్కడ ఏమీ పెట్టకండి' అని. దానయ్య ఎవరు సార్? మాకు కొత్త కెమెరా కార్డుకి సరిగ్గా నాలుగే కావాల. తీసీమంటారా?"

"ఎప్పటికి తేల్చాలి?"

"సోమవారానికి సార్."

"శుక్రవారానికి రాసి పంపుతాను."

"రాయడమెందుకు సార్, రెండు ముక్కల్లో సెప్పీండి."

"రెండు ముక్కల్లో చెప్పడం వస్తే ఆ కామెంటే అర్థమయ్యేలా రాసి ఉండేవాణ్ణి కదమ్మా."

ఇది ఆమెకు రాసినదే. ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలకీ పనికొస్తుందేమోనని ఇక్కడ పెడుతున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. రాయడానికి అంత లేదు కూడా.

ఇంతకీ ఏం పని

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అమ్మ అడిగింది, "ఏటి పనిరా నీది?" అని. "చిరునామాలు ఇస్తానమ్మా" అన్నాను. "పోస్టాఫీసా?" అంది. అంతకంటే దగ్గరగా నేనూ చెప్పలేకపోయాను. దాంతో చీపురుపల్లిలో మా వీధి వీధంతటికీ నేను తపాలా శాఖలో ఉన్నాను. ఒకాయన రాని మనియార్డరు గురించి నాకు అర్జీ కూడా ఇచ్చాడు.

అమ్మ మరీ తప్పు చెప్పలేదు. కంప్యూటర్‌లో లెక్కలు చేసే చిప్పుకి తెర ఏమిటో, రేడియో ఏమిటో తెలియదు. దానికి తెలిసినవల్లా చిరునామాలు. ఫలానా నంబరు దగ్గర ఇది రాయి, ఫలానా నంబరు దగ్గర ఏముందో చదువు, అంతే. ఆ నంబరు తెరదైతే బొమ్మ పడుతుంది, రేడియోదైతే కబురు వెళ్తుంది. కనుక పెట్టె ఆన్ చేయగానే, అన్నిటికంటే లోపల ఉండే కెర్నల్ అనే ప్రోగ్రాం, తగిలించి ఉన్న ఒక్కొక్క పరికరాన్నీ పిలిచి "నీకెంత చోటు కావాలి?" అని అడుగుతుంది. వరుస నంబర్ల పట్టీ ఒకటి కొలిచి రాసిస్తుంది. పరికరాలు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది ఇలాగే అడుగుతాయి. ఆరు అడగవు. ఆరు సరిపోయేది కూడా ఎనిమిది అడిగి రెండు పాడుచేస్తుంది. ఈ విషయంలో మనకీ వాటికీ పెద్ద తేడా లేదు.

ఒకరి పట్టీ మీద ఇంకొకరు పడకూడదు. నా మొదటి ఏడాదిలో ఒక సున్నా తక్కువ కొట్టి రెండు పరికరాలకు ఒకే చోటు ఇచ్చాను. తెర మీద అక్షరాలు రావలసిన చోట ప్రింటరు మనసులో మాటలు వచ్చాయి. పెద్దగా చదవదగ్గవి కావు.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. మా ఊరి స్టాండులోకి బస్సు తిరగ్గానే కిటికీలోంచి సీటు మీదికి చేతిరుమాలు విసిరేవాళ్లం. రుమాలుంటే సీటు మనదే. కెర్నల్ పట్టికలో చోటు రాయించుకోవడం కూడా అచ్చం ఆ రుమాలే. వెనకొచ్చినవాడు చూసి పక్కకి తప్పుకుంటేనే దానికి విలువ. చూడకుండా కూర్చుంటే లేపడానికి కండక్టరు రాడు. ఇంత పెద్ద యంత్రం ఇంత చిన్న మర్యాద మీద నడుస్తుందని తెలిసినప్పుడు నాకు భయం వేసింది. తర్వాత ఇష్టం కలిగింది.

కొట్టు బుద్ధి

మాది చీపురుపల్లి స్టేషను దగ్గర కిరాణా కొట్టు. మా నాన్న ఖాళీ గూడు చూసి తట్టుకోలేడు. సబ్బులు అయిపోతే ఆ గూట్లో అగ్గిపెట్టెలు పేర్చేవాడు, అవీ లేకపోతే పాత డబ్బాలు పేర్చేవాడు. "ఖాళీ గూడు కనబడితే కొట్టు ఎత్తీస్తన్నామనుకుంటార్రా" అనేవాడు. ఆ కొట్లో పెరిగినవాడికి చిరునామాలు పంచే పని ఇస్తే ఏం చేస్తాడు? పేరుస్తాడు. సందు లేకుండా పేరుస్తాడు. నేను దాన్ని నైపుణ్యం అనుకున్నాను. ఆఫీసులో అందరూ అలాగే అనుకునేవారు, మేరీ మేడమ్ తప్ప.

మేరీ మేడమ్ నా పై అధికారి. శ్రీకాకుళంలో మిషన్ చర్చి పక్కన పుట్టి పెరిగిన మనిషి. ఆదివారం ఉదయం ఎంత ముఖ్యమైన పనైనా ఆవిడ ప్రార్థన అయ్యేదాకా ఆగవలసిందే. ఆగినందువల్ల ఏ పనీ చెడిపోగా నేను చూడలేదు. కోడ్‌ని కాగితం మీద అచ్చు వేయించుకుని, పెన్సిల్ పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివేది. నవ్వేవాళ్లం. నవ్వినవాళ్ల తప్పులన్నీ ఆ పెన్సిలే పట్టుకుంది.

అప్పుడు మేం చేపల బోట్లకు పెట్టే పెట్టె చేస్తున్నాం. అందులో ఒక తెర, నీళ్లలో చేపలెక్కడున్నాయో చూపించే సోనారు, కొన్ని చిన్నాచితకా పరికరాలు, ఒక రేడియో ఉండేవి. సముద్రంలో ఆపద వస్తే ఎర్ర బొత్తాం నొక్కాలి. రేడియో ఒడ్డుకి కబురు పంపి పచ్చ దీపం వెలిగిస్తుంది. మొత్తం పరికరాలకు ముప్ఫై రెండు మెగాబైట్ల చోటు. తెరకి పదహారు, చిన్నవాటికి ఎనిమిది, సోనారుకి నాలుగు. మిగిలిన నాలుగూ ఖాళీ. నాకు ముందున్న ఇంజనీరు వదిలిన ఖాళీ అది. ఎందుకు వదిలాడో ఒక్క అక్షరం రాయలేదు.

నాకు ఆ గూడు చూస్తే చెయ్యి ఊరుకోలేదు. దాన్ని తీసి సోనారుకి కలిపి ఎనిమిది చేశాను. అంతవరకూ కుదుపులతో కదిలే బొమ్మ నీళ్లలా సాగింది. అందరూ వచ్చి చూశారు. మేడమ్ కూడా చూసి, కాగితం మీద పెన్సిల్ ఆపింది.

"ఈ ఖాళీ ఎవరెట్టినారు?"

"ముందున్నాయన మేడమ్."

"ఎందుకు?"

"రాయలేదు మేడమ్."

"అడిగినావా?"

"ఆయన వెళ్లిపోయారు కదా మేడమ్."

"ఎక్కడికి, పైకా?"

"మధురవాడకి మేడమ్."

"మధురవాడలో ఫోన్లు పనిచేస్తాయి" అని తన గదిలోకి వెళ్లిపోయింది.

నేను ఫోన్ చేయలేదు. చేయకూడదని కాదు. బొమ్మ అంత బాగా వస్తోంది.

పదకొండు సార్లు

మా ఆఫీసు బల్ల మీద రేడియోకి ఎప్పుడూ కరెంటు ఉండేది. పెట్టె ఆన్ కాగానే కెర్నల్ అందరినీ పిలిచినప్పుడు రేడియో కూడా "ఉన్నాను" అనేది, ఆ చిన్నవాటి ఎనిమిదిలోనే ఎక్కడో సర్దుకునేది. బోటు మీద అలా కాదు. బ్యాటరీ కలిసిరావాలని మా వాళ్లు ఒక మార్పు చేశారు. ఎర్ర బొత్తాం నొక్కితేనే రేడియోకి కరెంటు వెళ్తుంది. మంచి మార్పే. దాని గురించి నాకు మెయిలు వచ్చింది, చదివాను, బాగుందని జవాబు కూడా ఇచ్చాను. పిలుపు అయిపోయాక వచ్చే పరికరానికి చోటు ఎక్కడిదని మాత్రం ఆలోచించలేదు. దాని వంతు చోటు కూడా చిన్నవాళ్లు పంచేసుకుని కూర్చున్నారు.

మొదటి పెట్టె భావనపాడులో దానయ్య బోటుకి బిగించాం. మూడు వారాలకి దానయ్య ఫోన్ చేశాడు. చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"మీ పెట్టె విప్పీసినాను. వొచ్చి పట్టుకుపోండి."

మేడమూ నేనూ వెళ్లాం. ఒడ్డున బోట్లు వరుసగా ఇసక మీదికి లాగి ఉన్నాయి. రెండు బోట్ల మధ్య ఒక ఖాళీ కనబడింది. పాత వల ముక్క పరిచి దాని మీద రెండు రాళ్లు పెట్టి ఉన్నాయి. ఎప్పుడేం జరిగిందో పెట్టె తనలో రాసుకునే లాగ్ చదవాలి, లాప్‌టాప్ పెట్టుకోవడానికి చోటు కావాలి. ఖాళీ కనిపిస్తే నా కాళ్లు అటే పోతాయి. రాళ్లు పక్కకి జరిపి మడత బల్ల వేశాను.

"ఓ బావూ! ఏటది? తియ్యి, తియ్యి ముందు!"

చేపల గంప దించి ఒకావిడ వస్తోంది. దానయ్య భార్య పోలమ్మ.

"ఐదు నిమిషాలేనమ్మా. ఖాళీగానే ఉంది కదా అని..."

"ఖాళీ అని నీకెవుడు సెప్పినాడు? కళ్లు నేవా? అది మా బోటు సోటు! బోటు మరమ్మత్తుకెల్లినాది, మాపటికి వస్తాది. మొన్న రెండు రోజులు గాలేస్తంటే ఊరోళ్లందరూ బోట్లు పైకి లాగీసినారు. ఈ సోటిమ్మని నలుగురడిగినారు. ఇవ్వనేదు నాను. ఆయనొస్తే ఎక్కడెడతాడు? రాళ్ల కాడే కూకున్నాను రెండు రోజులూ. నీ బల్లెట్టడానికేటి నాను కాసింది?"

బల్ల తీశాను. రాళ్లు ఎక్కడివక్కడ పెట్టాను. ఒక రాయి కొంచెం పక్కకి పడిందని ఆవిడే వచ్చి సర్దింది.

ఆ రెండు రోజుల సంగతి దానయ్య చెప్పాడు. బోటులో తనూ, తమ్ముళ్లిద్దరూ ఉన్నారు.

"ఇంజను ఆగిపోనాది. సరే, ఆగుతాది, దాని బుద్ధే అది. ఎర్ర బొత్తాం నొక్కినాను. పచ్చ దీపం ఎలగనేదు. మళ్లీ నొక్కినాను. ఎలగనేదు. నీళ్లయిపోనాయి. మావోడు ఏడుపందుకున్నాడు. కానీ బావూ, ఒకటి సెప్పాల. సేపలు మట్టుకు బెమ్మాండంగా కనబడినాయి. మా కిందనించి పోతన్న సేప రెప్పేసినా తెలుస్తన్నాది."

రెండో రోజు వేరే ఊరి బోటు చూసి తాడు కట్టి లాక్కొచ్చింది. అందరూ బతికారు. ఈ వాక్యం రాయగలగడం నా ఉద్యోగంలో నాకు దొరికిన పెద్ద అదృష్టం. అందులో నా చెయ్యేమీ లేదు.

లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని లాగ్ చదివాను. పెట్టె ఏమీ దాచలేదు. రేడియో వచ్చింది, ఒక మెగాబైటు అడిగింది, చోటు లేదు. మళ్లీ రేడియో వచ్చింది, ఒక మెగాబైటు అడిగింది, చోటు లేదు. పదకొండు సార్లుంది. ముగ్గురు మనుషులు నీళ్లు లేకుండా కొట్టుకుపోతుంటే, నా కెర్నల్ పదకొండు సార్లు మర్యాదగా అదే జవాబిచ్చింది.

తలెత్తి చూస్తే ఎదురుగా ఆ వల ముక్క, రెండు రాళ్లు. ముందున్న ఇంజనీరు నాలుగు మెగాబైట్లు ఎందుకు వదిలాడో మధురవాడకి ఫోన్ చేయకుండానే తెలిసింది.

"దానయ్యా, తప్పు పెట్టెది కాదు. నాది" అన్నాను. "నీ రేడియోకి ఉంచిన చోటు ఖాళీగా ఉందని తీసి సోనారుకిచ్చాను. చేపలు అంత బాగా కనిపించింది అందుకే."

పోలమ్మ అంది: "అంటే, నాను కాసినట్టు నీ పెట్టెలో ఎవులూ కాయనేదన్నమాట."

ముప్ఫై ఏళ్లలో నా కోడ్ మీద చాలామంది సమీక్షలు రాశారు. అంత పొట్టిగా, అంత పూర్తిగా ఎవరూ రాయలేదు.

నువ్వూ రా

సరిచేయడం ఒక పూట పని. సోనారుని మళ్లీ నాలుగుకి తగ్గించాను. మిగిలిన నాలుగూ రేడియో తగిలే చోటు పేరు మీద రాసి, అది ఉన్నా లేకపోయినా ఎవరికీ ఇవ్వొద్దని కెర్నల్‌కి చెప్పాను. బల్ల మీద రేడియోకి కరెంటు తీసి, పెట్టె ఆన్ చేసి, ఆ తర్వాత కరెంటు ఇచ్చి చూశాం. యాభై సార్లు చూశాం. యాభై సార్లూ పచ్చ దీపం వెలిగింది. ఆ పరీక్ష మొదటే చేయవలసింది, ఇప్పుడు చేశాం.

మధురవాడకి ఫోన్ కూడా చేశాను. "ఆ ఖాళీయా? తర్వాతొచ్చే దానికి. అందరికీ తెలిసిందే కదా అని రాయలేదు" అన్నాడాయన. ఆ ఫోను పూర్తవడానికి రెండు నిమిషాలు పట్టింది, అందులో ఒకటిన్నర ఆయన మోకాళ్ల నొప్పుల గురించి.

అసలు కష్టం దానయ్యతో. పెట్టె మళ్లీ బిగిస్తామంటే దాని వంకే చూడలేదు.

"చేపల బొమ్మ ఇప్పుడు కొంచెం నెమ్మదిగా కదులుతుంది" అని ముందే చెప్పాను. ఇంకోసారి ఏదీ దాచదలచుకోలేదు.

"నెమ్మదైతే ఏటి, అయ్యేటి బస్సు పట్టుకోవాలా? దీపం సంగతి సెప్పు."

"వెలుగుతుంది."

"అప్పుడూ ఎలుగుతాదనే అన్నావు."

మేడమ్ వంక చూశాను. ఆవిడ సముద్రం వంక చూసింది.

"సరే, బిగించు" అన్నాడు దానయ్య. "కానీ నువ్వూ రా. అక్కడికొచ్చి నువ్వే నొక్కు. ఎలిగితే ఉంచుతాను. ఎలగకపోతే నిన్నూ పెట్టెనీ ఒకే కాడ దించీసి వొస్తాను."

నాకు కొల్లేటి పడవంటేనే పడదు. అయినా మర్నాడు పొద్దున్నే ఎక్కాను. ఒడ్డు కనిపించకుండా పోయేసరికి తిన్న ఇడ్లీలు నా దగ్గర లేవు. దానయ్య తమ్ముడు నా వీపు రాస్తూ, "కానియ్యి బావూ, ఇంకా ఉంటే కానియ్యి" అని ఎంతో ఆప్యాయంగా అన్నాడు. దానయ్య ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో, అది ఆగినప్పుడు వాళ్లకి ఎలా ఉండి ఉంటుందో కాస్త తెలిసింది.

"నొక్కు."

నొక్కాను. రేడియోకి కరెంటు వెళ్లింది. అది లేచి ఒక మెగాబైటు అడిగి ఉంటుంది. నాకు తెలిసిన ప్రతి అంకె నా కళ్లముందు వరుసగా కదిలింది. ఆ నాలుగు సెకన్లలో నేను ఏ దేవుణ్ణి తలచుకున్నానో మేరీ మేడమ్‌కి ఇప్పటికీ చెప్పలేదు.

పచ్చ దీపం వెలిగింది.

దానయ్య దాన్ని చాలాసేపు చూశాడు. వేలితో ఒకసారి తుడిచి మళ్లీ చూశాడు. తర్వాత ఇంజను మొదలుపెట్టి, "సరే బావూ, ఇంటికెల్దాం. పోలమ్మ సూస్తంటాది" అన్నాడు.

ఒడ్డుకి వచ్చేసరికి మేడమ్ ఫోన్ పట్టుకుని నీళ్లలోకి మోకాళ్ల దాకా వచ్చి నిలబడింది. కబురు అందింది. బోటుని ఆ రెండు రాళ్ల చోటికే లాగారు. నన్ను కూడా దాదాపు అలాగే లాగారు.

మర్నాడు ఆఫీసులో మేడమ్ కాగితం ముందు పెట్టి, ఆ నాలుగు మెగాబైట్ల దగ్గర పెన్సిల్‌తో గుండ్రం చుట్టింది. "ఇక్కడ ఒక ముక్క రాయి. నీ తరవాతోడు కూడా కొట్టు పెట్టినోడి కొడుకే అవొచ్చు." అప్పుడు రాసిందే ఆ కామెంటు. సాంకేతికంగా అది సరైన వివరణ కాదు. కానీ అప్పటికి నాకు అంతకంటే సరైనది తోచలేదు.

హేమా, నువ్వు అడిగినదానికి జవాబు ఇదే. తియ్యాలో వద్దో నేను చెప్పను. ఇప్పుడు ఆ కుర్చీ నీది.

ఆదివారం

పైదంతా శుక్రవారం పంపాను. ఆదివారం హేమ ఫోన్ చేసింది. వెనక గాలి హోరు వినిపిస్తోంది.

"సార్, మీరు రాసింది సదివినాను. నిజం సెప్పాలంటే సగమే నమ్మినాను. అందుకని భావనపాడు వొచ్చినాను."

"ఏముంది అక్కడ?"

"రెండు బోట్ల మధ్య ఖాళీ ఉన్నాది సార్. వల ముక్క కూడా ఉన్నాది, రాళ్లు కూడా. దానయ్య గారు ఇప్పుడు ఏటకెల్లట్లేదట. కొడుకు ఎల్తన్నాడు. మన పెట్టే ఉన్నాది బోట్లో."

"నువ్వేం చేశావు?"

"నా స్కూటీ ఆ సోట్లో ఎట్టినాను సార్. ఏటవుద్దో సూద్దామని."

"ఏమయింది?"

"ఒక ముసలావిడ వొచ్చి తిట్టింది సార్. శానా తిట్టింది."

"ఏమని?"

"కామెంటులో రాయలేం సార్."

సోమవారం సాయంత్రం హేమ ఆ కోడ్ ఫోటో పంపింది. కెమెరా చిన్నవాటి వరుసలో రెండు మెగాబైట్లతో సర్దుకుందట, బొమ్మ కాస్త చిన్నదయిందట. నా కామెంటు అలాగే ఉంది. దాని కింద కొత్తగా ఒక వరుస ఉంది:

'ఒడ్డుకెళ్లి అడిగాను. ఇప్పుడు ఆయన కొడుకు రావాలి.'